పాల దవడ పన్ను లోతుగా పుచ్చితే పీకించాలా, కాపాడుకోవాలా?

"పాల పన్నే కదా, ఎలాగూ ఊడిపోతుంది." ఆత్మకూరులో మన ఇళ్లలో పిల్లల దవడ పన్ను నల్లబడితే నానీమా దగ్గర్నుంచి అబ్బా దాకా అందరూ అనే మాట ఇది. ముందు పళ్లకు ఈ మాట కొంతవరకు సరిపోతుంది, ఆరేడేళ్లకే అవి ఊడిపోతాయి. దవడ పళ్ల లెక్క వేరు. పైనా కిందా, రెండు వైపులా కలిపి ఎనిమిది పాల దవడ పళ్లుంటాయి. వాటిలో మొదటివి 9 నుంచి 11 ఏళ్ల మధ్య, వెనకవి 10 నుంచి 12 ఏళ్ల మధ్య ఊడతాయి. ఐదేళ్ల పాపకు పన్ను పుచ్చిందంటే ఇంకో ఐదారేళ్లు దాంతోనే నమలాలన్నమాట.

పాల పన్ను పైన ఉండే గట్టి పొర పలుచన. లోపల నరం ఉండే గది మాత్రం పన్ను సైజుకు పెద్దది. అందుకే పుచ్చు తొందరగా నరం దాకా పోతుంది. పైగా రెండు దవడ పళ్ల మధ్య సందులో మొదలయ్యే పుచ్చు బయటికి కనిపించదు. చిన్న నల్ల గీత అనుకుని తీసుకెళితే ఎక్స్‌రేలో సగం పన్ను ఖాళీగా ఉంటుంది.

ఏ వైద్యం చేయాలన్నది నరం బతికుందా, చచ్చిందా అన్నదాని మీద ఆధారపడుతుంది. తీపి తిన్నప్పుడో చల్లనీళ్లు తాగినప్పుడో జివ్వుమని వెంటనే తగ్గిపోతే నరం బతికుండే అవకాశం ఎక్కువ. ఏమీ తినకుండానే నొప్పి రావడం, రాత్రి నిద్రలో లేచి ఏడవడం, చిగురు మీద చీము గుల్ల లేవడం ఇవి ముదిరిన గుర్తులు. ఇక్కడే చాలామంది అమ్మీలు మోసపోతారు. నాలుగు రోజులు ఏడ్చిన బాబు ఐదో రోజు హాయిగా నిద్రపోతే లవంగ నూనె పనిచేసిందనుకుంటాం. నిజానికి నరం చచ్చిపోయినా నొప్పి ఆగుతుంది. చీము మాత్రం వేరు కింద పెరుగుతూనే ఉంటుంది, దాని కిందే పక్కా పన్ను తయారవుతూ ఉంటుంది.

నరం బతికుండి, పుచ్చు దాని దగ్గరదాకా వచ్చి ఆగితే డాక్టర్ మొత్తం గీకేయరు. నరం మీది పలుచని పొరను వదిలేసి, మందు పెట్టి గట్టిగా మూసేస్తారు. గాలీ తిండీ అందక ఆ పుచ్చు అక్కడే ఆగిపోతుంది. పుచ్చు నరాన్ని తాకేస్తే పల్పాటమీ చేస్తారు. అంటే పైగదిలో ఉన్న నరాన్ని తీసేసి, వేర్లలోది ఉంచి, ఎంటీఏ లాంటి మందు పెట్టడం. వేర్లలోనూ నరం చెడిపోతే పల్పెక్టమీ. మనం పెద్దవాళ్లకు రూట్ కెనాల్ అంటామే, అలాంటిదే. కాకపోతే పిల్లల పన్నులో నింపే పేస్ట్, వేరు అరిగేకొద్దీ తానూ కరిగిపోయే రకం. ఈ రెండింటి తర్వాత మామూలుగా స్టీల్ క్యాప్ వేస్తారు. వెండి రంగులో ఉందని కొందరు వద్దంటారు, ముఖ్యంగా ఆడపిల్లలకు. వెనక పన్ను, నవ్వితే పెద్దగా కనిపించదు. ఉత్త సిమెంట్ పెట్టి పంపిస్తే ఆ పన్ను విరిగే ప్రమాదం ఎక్కువ.

ఇంకా ముదరని పన్నుకు స్కాట్లండ్ డెంటిస్ట్ నోర్నా హాల్ పేరు మీద హాల్ పద్ధతి ఒకటుంది. సూది లేదు, మిషన్ లేదు, పుచ్చు మీదే క్యాప్ బిగించి మూసేస్తారు. కూర్చోని పిల్లలకు సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ పూసి పుచ్చును ఆపడానికి చూస్తారు, పూసిన చోట పన్ను నల్లగా మారుతుంది. రాత్రుళ్లు నొప్పి వచ్చే పన్నుకు, చీము పట్టిన పన్నుకు ఈ రెండూ పనికిరావు.

పీకించడం తప్పని పళ్లూ ఉంటాయి. పన్ను కట్టడానికి వీల్లేకుండా విరిగితే, ఎముక దాకా చీము పాకితే తీసేయాల్సిందే. కానీ తీశాక ఖాళీ చోటు సంగతి అడగండి. ఆరేళ్లప్పుడు పాల పళ్లన్నిటికీ వెనక పక్కా దవడ పన్ను వస్తుంది. ముందు ఖాళీ ఉంటే అది ముందుకు జరిగి, తర్వాత రావాల్సిన పన్నుకు చోటు లేకుండా చేస్తుంది. చోటు నిలపడానికి స్పేస్ మెయింటెయినర్ అనే చిన్న కమ్మీ వేస్తారు. ఈ ఆరేళ్ల పన్నును కూడా పాల పన్నే అనుకుని పీకించేసుకున్న ఇళ్లున్నాయి. అది మళ్లీ రాదు.

మొహం వాచి జ్వరం వస్తే, కంటి వైపో గొంతు వైపో వాపు పోతుంటే, మింగలేకపోతే ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆర్‌ఎంపీ ఇచ్చే యాంటీబయాటిక్‌తో వాపు తగ్గుతుంది, పుచ్చిన పన్ను అలాగే ఉంటుంది, నెలకో రెండు నెలలకో మళ్లీ వాస్తుంది. నొప్పికి బరువును బట్టి పారాసిటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. గింజల పొగ పట్టి పురుగు తీస్తామనే వాళ్ల దగ్గరికి అసలే వద్దు, పన్నులో పురుగు ఉండదు.

నందికొట్కూరు మీదుగా కర్నూలు వెళితే సర్కారు పెద్దాసుపత్రిలో దంత విభాగం ఉంది, జి. పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉంది. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. డెంటల్ కాలేజీకి వెళితే చీటీ దగ్గరే పిల్లల దంత విభాగం అని అడగండి. అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందాలు పళ్లు కూడా చూడాలి, వాళ్లు రాసిచ్చే చీటీ పోగొట్టుకోకండి. డబ్బు కట్టే ముందు రెండు మాటలు అడగాలి: మొత్తం ఎన్నిసార్లు రావాలి, క్యాప్ ధర ఇందులో కలిసిందా? బస్సు చార్జీలు, పోయిన కూలీ కలిపితే సగంలో ఆపేసిన వైద్యమే అన్నిటికంటే ఖరీదు. మత్తు సూది వేశాక రెండు మూడు గంటలు బాబు పెదవి కొరుక్కోకుండా కనిపెట్టుకుని ఉండండి.

ఇంట్లో మార్చాల్సింది ముఖ్యంగా రాత్రి. చక్కెర పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోవడం, చుస్నీని షహద్‌లో ముంచివ్వడం మానాలి. రమజాన్‌లో పెద్దలతో పాటు సెహరీకి లేచిన పిల్లలు ఖజూర్, తీపి తిని అలాగే పడుకుంటారు. అప్పుడూ బ్రష్ చేయించాలి. మిస్వాక్ సున్నత్, అదీ చేయించండి, దాంతో పాటు ఫ్లోరైడ్ పేస్ట్ కూడా వాడండి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు.

క్యాప్ వేసిన పన్నునూ మామూలుగానే తోమాలి, ఆరు నెలలకోసారి చూపించాలి. ఊడే వయసొస్తే క్యాప్‌తో సహా పన్ను ఊడి చేతికొస్తుంది, దాన్ని విడిగా తీయించాల్సిన పని లేదు.