విశ్వవిద్యాలయాల మధ్య వీడియో గది: మరుగున పడిన పదేళ్లు

విశ్వవిద్యాలయాలు వీడియో ద్వారా కలిసి పనిచేయడం గురించి ఈమధ్య ఎవరు రాసినా కథ ఒకే దారిలో నడుస్తుంది. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బెల్ సంస్థ పిక్చర్‌ఫోన్ చూపించింది, జనం దాన్ని కొనలేదు. తర్వాత ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ ఫోన్ లైన్లు వచ్చాయి, ఇంటర్నెట్ వచ్చింది, బ్యాండ్‌విడ్త్ పెరిగింది, బొమ్మ తేటపడింది. చివరికి 2020లో కోవిడ్ వచ్చి అందరినీ జూమ్ ముందు కూర్చోబెట్టింది. ఈ కథనంలో సంవత్సరాలు సరిగానే ఉన్నాయి. చిక్కంతా కారణం దగ్గరే. బొమ్మ తేటపడేకొద్దీ దూరాన ఉన్నవాళ్లు కలిసి పనిచేయడం సులువైపోయిందని ఈ కథనం నమ్ముతుంది. ఆధారాలు ఒక్కొక్కటే చూస్తూ పోతే ఆ నమ్మకం నిలవదు.

మొదటి అడ్డు 1980ల చివర్లోనే ఎదురవుతుంది. లండన్ విశ్వవిద్యాలయం తన కళాశాలలు కొన్నింటిని బ్రిటిష్ టెలికాం ఆప్టికల్ ఫైబర్‌తో కలిపి లైవ్-నెట్ అనే ఏర్పాటు చేసుకుంది. అందులో నడిచింది అనలాగ్ వీడియో. టీవీలో చూసేంత నిండైన బొమ్మ, జాప్యం దాదాపు లేదు. పదిహేనేళ్ల తర్వాత ఇంటర్నెట్ మీద వచ్చిన చాలా వీడియో దీనికి సాటి రాలేదు. నాణ్యత ఏటేటా మెరుగుపడుతూ వచ్చిందన్న లెక్క ఇక్కడే తప్పుతోంది. అయితే లైవ్-నెట్ ఆ ఫైబర్ ఉన్నచోటికే పరిమితం. దేశమంతటా, దేశాల మధ్య అలాంటి గదులు కలవాలంటే ఇంకో దారి కావాలి.

ఆ దారి పేరు మల్టీకాస్ట్. పంపేవాడు ఒక్కసారి పంపితే చాలు, దారి చీలిన చోట నెట్‌వర్కే నకళ్లు తీసి అందరికీ అందిస్తుంది. 1992 మార్చిలో శాన్‌డియాగోలో జరిగిన, ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ సంఘం సమావేశం ధ్వనిని ఇలా ఇంటర్నెట్ మీదుగా దూరప్రాంతాలకు పంపారు. ఆ ప్రయోగాల నుంచే ఎంబోన్ అనే అల్లిక పెరిగింది. ఈ దశ గురించి పుస్తకాలు చాలానే చెబుతాయి కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

చరిత్రలు రెండు వాక్యాల్లో దాటేసేది దాని తర్వాతి పదేళ్లను. 1990ల చివర, షికాగో దగ్గరున్న ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో రిక్ స్టీవెన్స్ బృందం యాక్సెస్ గ్రిడ్ అనే పద్ధతిని రూపొందించింది. ఒక మనిషిని ఇంకో మనిషితో కలపడం వాళ్ల ఉద్దేశం కాదు. ఒక గదిలో కూర్చున్న బృందాన్ని మరికొన్ని గదుల్లోని బృందాలతో కలపాలన్నది లక్ష్యం. అందుకని గది నుంచే మొదలుపెట్టారు. గోడ మీద పక్కపక్కన మూడు ప్రొజెక్టర్ల వెలుగు, గదిని నాలుగు వైపుల నుంచి చూసే కెమెరాలు, బల్లల మీదా పైకప్పుకూ మైకులు. అన్ని చోట్ల నుంచి వచ్చే అన్ని కెమెరాల బొమ్మలూ ఒకేసారి ఆ గోడ మీద పరుచుకునేవి. మాట్లాడేవాడితో పాటు వింటూ తల అడ్డంగా ఊపేవాడూ కనిపించేవాడు. వీడియో ప్రోగ్రాం విక్ లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల నుంచి, ధ్వని ప్రోగ్రాం ర్యాట్ లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి తీసుకున్నారు.

ఇంతా చేసి ఆ బొమ్మ కొలత 352×288 చుక్కలు. ఇవాళ్టి మామూలు 1280×720 హెచ్‌డీ బొమ్మలో చుక్కలు దానికి తొమ్మిది రెట్లు. అయినా ఆ గదుల్ని ఆనాడు వాడినవాళ్లు వాటిని ఉత్తమ శ్రేణి వీడియో కాన్ఫరెన్సింగ్ అనే అన్నారు. ఆ మాటలో అతిశయోక్తి ఉందని నేననుకోను. వాళ్లు నాణ్యతను చుక్కల్లో కొలవలేదు.

మరి దేనితో కొలిచారు? ముందు ధ్వని సంగతి. రెండు గదుల్లోనూ మైకులు తెరిచి ఉంచితే నా గొంతు మీ స్పీకర్లోంచి వచ్చి, మీ మైకులో దూరి, క్షణం ఆలస్యంగా నా చెవికే తిరిగొస్తుంది. ఆ ప్రతిధ్వనిని చెరిపేసే పెట్టె ప్రతి యాక్సెస్ గ్రిడ్ గదికీ తప్పనిసరి సామాను. ఆ పెట్టె లేకపోతే ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావాళ్లు మైకు ఆపుకోవాలి. అలా ఉపన్యాసం సాగుతుంది కానీ చర్చ సాగదు. పరిశోధనలో ఉపయోగపడే మాట చాలాసార్లు ఎదుటివాడి వాక్యం మధ్యలో పడే "ఉండండి, అక్కడ పొరపాటుంది" అన్న మాటే. టెలిఫోన్ సంభాషణకు ఒకవైపు జాప్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం చెబుతుంది. అది దాటుతూ పోతే మాటలు ఒకదానికొకటి అడ్డుపడి, మర్యాదస్తులు ముందుగా నోరు మూసుకుంటారు.

రెండోది ఆపరేటర్. ప్రతి గదికీ కెమెరా, ధ్వని చూసుకునే శిక్షణ పొందిన మనిషి ఉండేవాడు. సమావేశం నడుస్తుంటే ఆపరేటర్లు తమలో తాము వేరే చాట్‌లో రాసుకుంటూ "మీ గది ధ్వని తగ్గించండి" అని సర్దుకునేవారు. ప్రొఫెసర్ల కంటికి పెద్దగా కనిపించని ఆ శ్రమ చరిత్రకారులకూ కనిపించలేదు.

బ్రిటన్‌లో ఇది ఎందుకు వేళ్లూనింది అన్న దగ్గర నాకు ప్రచారంలో ఉన్న వివరణతో పేచీ ఉంది. 2001లో టోనీ హే నాయకత్వంలో మొదలైన, నెట్‌వర్కుల మీదుగా ఉమ్మడి శాస్త్ర పరిశోధనను ప్రోత్సహించే ఈ-సైన్స్ అనే ప్రభుత్వ కార్యక్రమం తన ప్రాంతీయ కేంద్రాలన్నిటిలో యాక్సెస్ గ్రిడ్ గదులు పెట్టించింది కాబట్టి పెరిగింది అంటారు. ఎడింబరో, గ్లాస్గో విశ్వవిద్యాలయాలు ఉమ్మడిగా నడిపిన జాతీయ ఈ-సైన్స్ కేంద్రానికి రెండు ఊళ్లలో ఒకే సమావేశం నిత్యావసరమన్నది నిజమే. మాంచెస్టర్‌లో పెట్టిన సహాయ కేంద్రం ఆ గదుల్ని నిలబెట్టిందన్నదీ నిజమే. కానీ ప్రభుత్వ డబ్బుతో కట్టిన గదులు తాళాలు వేసి ఉండటం మనం ఎరగనిది కాదు. ఆ తాళాలు తీయించి వారం వారం గదుల్ని నింపినవాళ్లలో గణిత విభాగాలు ముందున్నాయి.

2000ల తొలి సగంలో బ్రిటిష్ గణిత పరిశోధనను సమీక్షించిన అంతర్జాతీయ బృందం, అక్కడి పిహెచ్‌డి విద్యార్థులకు తమ అంశం బయట విస్తృతమైన చదువు అందడం లేదని ఎత్తిచూపింది. ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒక్కో అంశానికి ఇద్దరో ముగ్గురో విద్యార్థులుంటారు. ఇద్దరి కోసం కోర్సు నడపడం ఎవరికీ గిట్టదు. ఇరవై చోట్ల ఉన్న ఇద్దరిద్దరినీ కలిపితే క్లాసు నిండుతుంది. పరిశోధన మండలి ఈపీఎస్‌ఆర్‌సీ ఇచ్చిన నిధులతో ఆక్స్‌ఫర్డ్, వార్విక్, బ్రిస్టల్, బాత్, ఇంపీరియల్ కలిసి ఒక బోధన కేంద్రాన్ని నెలకొల్పాయి. మాంచెస్టర్, షెఫీల్డ్, లీడ్స్, లివర్‌పూల్ వంటివి చేరిన మ్యాజిక్ బృందం 2007లో పది గంటల, ఇరవై గంటల కోర్సులతో మొదలైంది. స్కాట్లండ్‌లోనూ ఇలాంటి ఉమ్మడి కేంద్రమే వచ్చింది.

అక్కడ ఎదురైన కష్టాలు వింటే అసలు సమస్య ఎక్కడుందో తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్ టర్మ్ ఎనిమిది వారాలు, వార్విక్‌ది పది. క్లాసు మొదలయ్యే నిమిషం కూడా ఊరికొక రకం. గణితం బోర్డు మీద పుట్టే శాస్త్రం, ఇప్పుడు రాస్తున్న పంక్తి కోసం పావుగంట కిందట రాసింది కళ్లముందు ఉండాలి. ఎలక్ట్రానిక్ బోర్డు మీద పేజీ తిప్పగానే పాత పంక్తి మాయమవుతుంది. మూడు ప్రొజెక్టర్ల గోడ ఇక్కడ అక్కరకొచ్చింది: ఒక భాగంలో బోర్డు, మిగతా చోట మనుషులు.

ఇది బోధనే తప్ప సహకారం ఎలా అవుతుందని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో బలముంది. దూరపు గదుల్లోని విద్యార్థి ఎదురుగా కూర్చున్నవాడంత చొరవగా ప్రశ్నలు వేయలేడు కూడా. కానీ పరస్పరం పోటీపడే ఇన్ని విభాగాలు ఏ కోర్సు ఎవరు చెప్పాలో ఏటేటా కూర్చుని ఒప్పుకోవడం నా దృష్టిలో తక్కువ సహకారం కాదు. గదుల లోపాలూ దాచనక్కర్లేదు. ఖర్చు ఎక్కువ, సమావేశం మొదట్లో సర్దుబాట్లకే సమయం పోయేది. చాలా ప్రాంగణాల నెట్‌వర్కులు మల్టీకాస్ట్‌ను సరిగా అనుమతించక, మధ్యలో వారధి సర్వర్లు పెట్టుకోవాల్సి వచ్చేది.

ఆ తర్వాతి కథ తెలిసిందే. 2005లో హెచ్‌పీ హేలో, 2006లో సిస్కో టెలిప్రెజెన్స్ గది ఆలోచనను తీసుకుని, బొమ్మను అద్దంలా చేసి, పెద్ద సంస్థలు మాత్రమే భరించగల ధరకు అమ్మాయి. మరోవైపు వీడియో ల్యాప్‌టాప్‌లోకి దిగింది. మహమ్మారి వేళ వీడియోను ఆశ్రయించడమూ 2020లోనే మొదలు కాలేదు. 2003లో సార్స్ సోకినప్పుడు తైవాన్ ఆసుపత్రుల కోసం యాక్సెస్ గ్రిడ్‌ను వాడారు.

జూమ్ ఇచ్చినదాన్ని తక్కువ చేయను. గది, డబ్బు, ఆపరేటర్ లేని కళాశాలకు అది తలుపు తెరిచింది. కానీ అది ఎంచుకున్న ప్రమాణం ఒక మనిషి, ఒక కెమెరా, ఒక గడి. ఇప్పుడు రెండు ప్రాంగణాల బృందాలు కలవాలంటే ఇరవై మంది గది చివర ఒక ల్యాప్‌టాప్ పెడతారు, అవతలివాళ్లకు ముందు వరుస భుజాలు కనిపిస్తాయి. వెనక నుంచి వచ్చే మాటను రొద అనుకుని సాఫ్ట్‌వేర్ నొక్కేస్తుంది. చుక్కలు తొమ్మిది రెట్లయ్యాయి, 2007 నాటి గదిలో వినిపించిన అభ్యంతరం మాత్రం వినిపించడం లేదు. దీన్ని నేను పురోగతి అనలేను.

మన దేశంలో 2010లో రూ.5,990 కోట్లతో ఆమోదం పొందిన జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్, గిగాబిట్ల వేగంతో ఐఐటీలను, కేంద్రీయ విశ్వవిద్యాలయాలను కలిపింది. హైదరాబాద్‌లో ఉన్నవీ అందులో భాగమే. ఆర్గాన్ బృందానికి మొదట్లో లేనంత దారి మన దగ్గర ఉంది. మన చర్చలు మాత్రం ఇంకా ఎన్ని గిగాబిట్లు అన్న దగ్గరే ఆగుతున్నాయి. రెండు విశ్వవిద్యాలయాల టైంటేబుళ్లను ఎవరు కలుపుతారు, పొరుగు ప్రాంగణంలో చదివిన కోర్సుకు క్రెడిట్ ఎవరిస్తారు, గదిలో మైకులు చూసుకునే మనిషికి జీతం ఏ పద్దు కింద రాస్తారు అన్న ప్రశ్నలకు ప్రతిపాదనలో కనీసం ఒక పేజీ కేటాయించేదాకా, కొత్త కెమెరాలకు అడిగే డబ్బును నేను సమర్థించలేను.