తలుపు లేని గది

ఎనిమిదో తరగతిలో మా బ్యాచ్‌లో పదకొండు మంది ఆడపిల్లలు. 1985లో పది ముగించేసరికి నలుగురే మిగిలారు. లెక్కల్లో ఎప్పుడూ నాకంటే రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకునే అమ్మాయి పెద్దమనిషయితే, వాళ్లింటికెళ్లి చిమ్మిలి తినొచ్చాం. ఆమె మళ్లీ బడికి రాలేదు. ఎందుకని మేమెవరం అడగలేదు. అప్పట్లో మన బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి అంటే తలుపు ఊడిన గది. నీళ్లు లేవు.

తర్వాత చాలా జరిగాయి. 2011లో పల్లెల్లో ఆశా కార్యకర్తల చేత ఆరు ప్యాడ్లు ఆరు రూపాయలకు అమ్మించే కేంద్ర పథకం వచ్చింది. 2012లో బడులన్నిటా మరుగుదొడ్లు కట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2018 జూలైలో ప్యాడ్లపై 12 శాతం జీఎస్టీ పోయింది. 2021 అక్టోబరులో మన రాష్ట్రం 'స్వేచ్ఛ' పేరుతో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది.

అయితే వాడిన ప్యాడ్ ఎక్కడికి పోవాలి? ఇంజినీరుని కదా, నా బుద్ధి అటే పోతుంది. మొన్న బడిలో డ్రైనేజీ పూడుకుపోతే తీయించాను. నీళ్లు పీల్చి ఉబ్బిన ప్యాడ్లే అడ్డం. ఒక మాస్టారు పిల్లల్ని కోప్పడబోయారు. "బుట్ట ఎక్కడ పెట్టామండీ?" అన్నాను.

ఇప్పుడు మూత బుట్టలు పెట్టాం. వాటిని ఎత్తే మనిషి జీతం సంగతి ఇంకా తేలలేదు. తలుపుకి లోపలి గొళ్లెం మాత్రం నేనే బిగించాను.