రాగిరేకు మీద లేని ముఖం

ఫోన్‌లో ఏ ఫోటోనైనా పెద్దది చేస్తూ పోతే చివరికి చిన్న చిన్న గళ్లే మిగులుతాయి. 1799 నుంచి 1818 దాకా లండన్‌లో వచ్చిన ‘నేవల్ క్రానికల్’ పత్రికలోని నౌకాధికారుల బొమ్మలు చూస్తే నాకు అదే గుర్తొచ్చింది. స్టిపుల్ పద్ధతిలో రాగిరేకు మీద వేల చుక్కలు పొడుస్తారు. సిరా పూసి, పైపైన తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్సులో నొక్కుతారు. చుక్కలు చిక్కగా ఉన్నచోట నీడ, పలచబడ్డచోట వెలుగు. అధికారి జీవితకథ, దానికి తోడు అతని ముఖం. ఇదీ ఆ పత్రిక వరస.

ఆ కాలపు యుద్ధం ఒకటి మన విశాఖ ముంగిట్లోనే జరిగింది. 1804 సెప్టెంబర్ 15న 74 ఫిరంగుల ‘మరెంగో’, వెంట రెండు ఫ్రిగేట్లతో ఫ్రెంచ్ అడ్మిరల్ లినువా ఇక్కడికి వచ్చాడు. ఎదురుగా 50 ఫిరంగుల ‘సెంచూరియన్’, దాని కాపలాలో రెండు వర్తక నౌకలు. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ అప్పుడు ఒడ్డున ఉన్నాడు. లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరు మొదలుపెట్టాడు. లిండ్ మధ్యలో పడవెక్కి ఓడకి చేరాడు. వర్తక నౌకల్లో ‘బార్నబీ’ ఒడ్డుకి కొట్టుకొచ్చి ముక్కలైంది, ‘ప్రిన్సెస్ షార్లెట్’ ఫ్రెంచ్ వాళ్లకి చిక్కింది. సెంచూరియన్ మాత్రం లొంగలేదు. లిండ్‌కి ‘సర్’ బిరుదు దక్కింది. లినువా ముఖం తర్వాత లిథోగ్రాఫ్‌గా అచ్చయింది.

ఇక్కడ నాకో ప్రశ్న. మన హార్బర్ 1933లో గానీ తెరుచుకోలేదు. అంతకుముందు పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. కెరటాలు దాటించి మనుషుల్నీ సరుకునీ చేరవేసింది మసూలా పడవలు. మేకు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన పడవలవి. కెరటం కొడితే వంగేవి గానీ విరిగేవి కావు. వాటిని నడిపింది ఈ తీరపు జాలర్లు. ఏ కెరటాన్ని ఎక్కించాలో, దేన్ని వదిలెయ్యాలో వాళ్లకే తెలుసు. ఆ నైపుణ్యం లేకుండా ఇక్కడ వ్యాపారం లేదు, కాపలా కాయడానికి ఓడలూ లేవు.

అధికారుల కోసం నడిచిన పత్రిక అధికారులనే అచ్చువేసింది. అందులో వింతేమీ లేదు. మన తప్పు వేరే ఉంది. బొమ్మ దొరికిన మనుషులతోనే చరిత్ర నిండిపోయిందని అనుకుంటాం. బొమ్మ చెక్కించడానికి డబ్బు కావాలి, కొనేవాళ్లు కావాలి, పేరుకి ముందు హోదా కావాలి. తెడ్డు వేసినవాడికి ఈ మూడూ లేవు.

అందుకే ఈమధ్య అలాంటి బొమ్మ కనిపిస్తే కింద పేరు చదివి వదిలెయ్యడం లేదు. ఈయన్ని ఒడ్డుకి చేర్చింది ఎవరి పడవ అని కూడా అడుగుతున్నాను. ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్లిన ప్రతిసారీ ఆ ప్రశ్నే నాతో వస్తోంది.