ఆంగ్లభాష – హైదరాబాదు ముస్లిం విద్యార్థులు

ముస్లింలు మతకారణంగా ఆంగ్లభాషను ద్వేషించారనీ, అందుచేతనే విద్యలో వెనుకబడ్డారనీ ఒక అభిప్రాయం చాలాకాలంగా ప్రచారంలో ఉన్నది. కోఠి, ఆబిడ్స్, నాంపల్లి పరిసరాలలో వెలసిన విద్యాసంస్థల చరిత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలువదు. అక్కడి విద్యార్థుల ముందున్న ప్రశ్న ‘ఇంగ్లీషు నేర్వవచ్చునా?’ అన్నది కాదు. ‘ఏ భాషలో విద్య నేర్వాలి?’ అన్నది.

పరభాషను నేర్వడం ఇస్లాంలో దోషం కాదు. యూదుల లిపిని నేర్చుకోవలసిందిగా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఉత్తరప్రత్యుత్తరాలకు ఆ భాష అవసరమయింది. అవసరమైన దానిని ఆయన అభ్యసించారు.

కోఠిలోని రెసిడెన్సీ భవనం 19వ శతాబ్ది తొలినాళ్ళలో నిర్మితమయింది. దానిని కట్టించిన రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ స్వయంగా పారశీ, హిందుస్తానీ భాషలు నేర్చినవాడు. ఆనాడు దర్బారు భాషను ఆంగ్లేయుడే నేర్వవలసి వచ్చింది. క్రమేణా అధికారం చేతులు మారగా, ఇంగ్లీషు నేర్వవలసిన అవసరం ఇటువైపు వచ్చింది. నేడు కోఠిలో ఉన్న ఉస్మానియా వైద్య కళాశాలకు మూలమైన వైద్య పాఠశాల 1846లో ఉర్దూ బోధనతోనే ప్రారంభమయింది. 1880ల దశకంలో ఇంగ్లీషుకు మారింది. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఇంగ్లీషులోనే బోధించింది.

పరభాషలో చదివే విద్యార్థి శక్తి అంతా మాటలను కంఠస్థం చేయడానికే వ్యయమవుతున్నదని అక్బర్ హైదరీ వంటివారు గుర్తించారు. 1917లో వెలువడిన ఫర్మానా ఉర్దూను ఉన్నత విద్యకు మాధ్యమంగా నిర్ణయించింది. అయితే ఆ ఫర్మానాయే ప్రతి విద్యార్థికీ ఇంగ్లీషును ఒక భాషగా తప్పనిసరి చేసింది. ఇది గమనార్హం. 1919 ఆగస్టు 28న నిజాం కళాశాల పక్కనున్న భవనంలో 225 మంది విద్యార్థులతో ఉస్మానియా విశ్వవిద్యాలయ తరగతులు మొదలయ్యాయి. దారుత్తర్జుమా అనువదించిన గ్రంథాలతో గణితం, భౌతికశాస్త్రం, వైద్యం కూడా ఉర్దూలో బోధింపబడ్డాయి.

ఇక్కడ న్యాయదృష్టితో మరొక సత్యాన్ని అంగీకరించాలి. రాజ్యప్రజలలో అధికసంఖ్యాకుల మాతృభాష తెలుగు. కన్నడం, మరాఠీ మాట్లాడేవారూ లక్షలాదిగా ఉన్నారు. ఉర్దూ విద్యార్థికి ఇంగ్లీషు ఎంత భారమో, పల్లె నుండి వచ్చిన తెలుగు విద్యార్థికి ఉర్దూ అంత భారం. మాతృభాషావాదం ఒక భాషకే పరిమితమైతే అది సంపూర్ణ న్యాయం కాజాలదు.

1948 పోలీసు చర్య తరువాత ఉస్మానియాలో ఇంగ్లీషు బోధనాభాష అయింది. అనేక సంవత్సరాలు ఉర్దూలో చదివిన యువకుని విద్య అకస్మాత్తుగా విలువ కోల్పోయింది. అతనిలో కనిపించిన వెనుకంజ మతద్వేషం కాదు; చేతనున్నది పోయినవాని దిగ్భ్రాంతి. 1949లో మహిళా కళాశాల రెసిడెన్సీ భవనంలోకి వచ్చింది. ఒకనాడు ఆంగ్లేయ అధికారానికి నిలయమైన గదులలోనే ఆడపిల్లలు పాఠాలు నేర్చారు. 2022లో ఆ కళాశాల విశ్వవిద్యాలయంగా రూపొందింది.

తరువాతి కాలంలో 1998లో హైదరాబాదులోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వెలసింది. 2016 నుండి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మాధ్యమంలో ప్రారంభమయ్యాయి. ఈ రెండింటిలోనూ ముస్లిం తల్లిదండ్రులు తమ బిడ్డలను చేర్పిస్తూనే ఉన్నారు. కనుక సమాజం ఇంగ్లీషుకు విముఖంగా ఉన్నదనడం సరికాదు.

ఉస్మానియా తొలినాటి సూత్రం నేటికీ ఆలోచింపదగినది: జ్ఞానం అర్థమయ్యే భాషలో రావాలి, ఇంగ్లీషు దానికి తోడుగా గట్టిగా రావాలి. ఇంటిభాష ఉర్దూ అయినా తెలుగు అయినా, దానిని చిన్నచూపు చూడకుండా ఇంగ్లీషు నేర్పినప్పుడే విద్యార్థికి రెండూ దక్కుతాయి. ఒకటి పోగొట్టుకొని మరొకటి సంపాదించవలసి వస్తే, అతడు వెనుకాడడంలో ఆశ్చర్యమేమున్నది?