ఈజిప్టుపై దండయాత్ర, మన ఖజానా (1882)

క్రీ.శ. 1882 (హిజ్రీ 1299)లో అహ్మద్ ఉరాబీ పాషా నాయకత్వాన ఈజిప్టులో సాగిన స్వాతంత్ర్యోద్యమాన్ని బ్రిటిషు సైన్యం అణచివేసింది. ఈ చరిత్రను లండన్, కైరోల వైపు నుండి చెప్పటం అలవాటయింది. పిఠాపురం, రాజమహేంద్రవరాలు ఉన్న గోదావరి మండలం వైపు నుండి కూడా దానిని చూడవలసి ఉన్నది.

ఖదీవ్ ఇస్మాయీల్ ఐరోపా సాహుకార్ల అప్పుల్లో మునిగి, 1875లో సూయజ్ కాలువలోని తన వాటాలను బ్రిటన్‌కు అమ్ముకొన్నాడు. మరుసటి ఏడు బ్రిటిషు, ఫ్రెంచి అధికారులు ఈజిప్టు ఖజానాపై పెత్తనం చేపట్టారు. రైతుబిడ్డ అయిన ఉరాబీ సైన్యంలో కర్నల్. 1881 సెప్టెంబరు 9న ఆబిదీన్ భవనం ముందు సైన్యంతో నిలిచి, మంత్రివర్గాన్ని మార్చి ప్రతినిధుల సభను పిలవమని ఖదీవ్ తౌఫీఖ్‌ను అడిగాడు. ఈజిప్టు ఈజిప్టువారిదే అన్నది ఆ ఉద్యమ నినాదం.

1882 జూలై 11న బ్రిటిషు నౌకాదళం అలెగ్జాండ్రియాపై ఫిరంగులు పేల్చింది. కాలువ తటస్థంగా ఉంటుందని డి లెసెప్స్ ఇచ్చిన హామీని నమ్మి ఉరాబీ దానిని పూడ్పించలేదు. ఆగస్టులో జనరల్ వోల్స్‌లీ ఓడలు ఆ కాలువ గుండానే ఇస్మాయిలియా చేరాయి! సెప్టెంబరు 13 తెల్లవారుజామున తెల్ అల్ కబీర్ వద్ద ఈజిప్టు సైన్యం గంటసేపటిలో చెదిరిపోయింది. మరునాడే కైరో లొంగింది.

ఆ దండులో హిందూదేశం నుండి వెళ్లినవారు సుమారు 7,000 మంది. బెంగాల్ అశ్విక దళాలు, పంజాబీ, బలూచీ పటాలాలు, బాటలు వంతెనలు నిర్మించే మద్రాసు సాపర్లు అందులో ఉన్నారు. వీరిలో ముస్లిములూ ఉన్నారు. యుద్ధానికి కొద్ది రోజుల ముందే సుల్తాన్ అబ్దుల్ హమీద్ ఉరాబీని తిరుగుబాటుదారుగా ప్రకటించాడు. ఖలీఫా నోట వెలువడిన ఆ మాట బ్రిటిషువారికి ఎంతగా ఉపకరించిందో వేరే చెప్పనక్కరలేదు.

మద్రాసు సైన్యం అంతకు మూడేళ్ల ముందు మన మన్యంలో ఉన్నది. కల్లుపై పన్నుకు, మున్సబుదారు దౌర్జన్యానికి ఎదురు తిరిగి 1879 మార్చిలో రంప ముఠాదార్లు లేచినప్పుడు, వారిని అణచటానికి ఆరు మద్రాసు పదాతి పటాలాలను, రెండు సాపర్ల కంపెనీలను దించారు. రంప కొండల్లో ఉరాబీ పేరు ఎవరూ విని ఉండరు. రెండుచోట్లా దిగిన సైన్యం మాత్రం ఒక్కటే, దాన్ని పోషించిన ఖజానా ఒక్కటే. పిఠాపురం రైతు జమీందారుకు చెల్లించిన శిస్తులో నుండి సర్కారుకు పోయిన పేష్కషు చేరినది ఆ ఖజానాకే.

ఈజిప్టు యుద్ధపు ఖర్చులో కొంత బ్రిటన్ భరించి, మిగిలినది మన నెత్తిన రుద్దింది. వైస్రాయి రిప్పన్ ప్రభుత్వమే దీనికి అభ్యంతరం చెప్పింది. అప్పుడు ఆర్థిక సభ్యుడు ఎవలిన్ బేరింగ్. ఆ బేరింగే 1883లో కైరో వెళ్లి, లార్డ్ క్రోమర్‌గా 1907 వరకు ఈజిప్టును ఏలాడు!

1879లో తౌఫీఖ్ బహిష్కరించిన సయ్యద్ జమాలుద్దీన్ అఫ్గానీ ఆ సంవత్సరాలలో హైదరాబాదులో ఉండి, భౌతికవాద ఖండన గ్రంథాన్ని రచించారు. ఉరాబీ ఉద్యమం ముదరగానే ప్రభుత్వం ఆయనను కలకత్తాలో నిర్బంధంలో ఉంచింది. ఆయన శిష్యుడు ముహమ్మద్ అబ్దుహూ సైతం దేశబహిష్కృతుడయ్యారు. గురుశిష్యులు 1884లో పారిస్‌లో అల్ ఉర్వతుల్ వుస్ఖా పత్రికను వెలువరించారు.

ఉరాబీని సింహళానికి పంపారు. అక్కడి ముస్లిములను ఆధునిక విద్యవైపు ప్రోత్సహించి, 1892లో కొలంబోలో జాహిరా విద్యాలయ స్థాపనకు తోడ్పడ్డారు. 1901లో స్వదేశం చేరేసరికి ఆయనకు అరవై ఏళ్లు. త్వరలోనే వెళ్లిపోతామని చెప్పి వచ్చిన బ్రిటిషు సైన్యం సూయజ్ నుండి పూర్తిగా వైదొలగింది 1956 జూన్‌లో.