కోలాటం కోపులు, నాలుగు కొమ్ములు: అహోబిలం పార్వేట నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: జానపద నృత్య బాణీలను కొత్తగా నేర్చుకునేవారి కోసం నాలుగు హారన్లకు అమర్చేటప్పుడు బాణీని ప్రధానంగా ఒకరికి, తోడు స్వరాలను తక్కిన ముగ్గురికి అప్పగించడం పాశ్చాత్య సంగీత బోధనలో పరిపాటి. కోలాటానికి ఈ పద్ధతి ఎంతవరకు సరిపోతుందో కొమ్ము వాద్య చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అహోబిలం, పార్వేట, కొమ్ము, కాహళ, కోలాటం, కోపు.

1. ఉపోద్ఘాతం

నవనారసింహ క్షేత్రమైన అహోబిలం 2022 నుంచి నంద్యాల జిల్లాలో భాగం. ఏటా కనుమనాడు ఇక్కడ పార్వేట ఉత్సవం మొదలవుతుంది. తన కల్యాణానికి భక్తులను స్వయంగా పిలవడానికి స్వామి పల్లకిలో దాదాపు నలభై రోజులు పరిసర గ్రామాల్లో సంచరిస్తాడని విశ్వాసం. నరసింహుడు తమ ఆడపడుచు చెంచులక్ష్మిని చేపట్టిన బంధువని చెంచులు భావిస్తారు. వారు పల్లకి వైపు బాణాలు సంధించడం ఉత్సవంలో ముఖ్య ఘట్టం.

పార్వేట వేటోత్సవం. కొమ్ము వేటతో అనుబంధమున్న వాద్యం. కోలాటం, చెక్కభజన రాయలసీమ గ్రామోత్సవాల్లో సాగే సామూహిక నృత్యాలు. ఈ నృత్యాలను కొమ్ముల మీదికి తేవాలంటే కొమ్ము ఏమి పలకగలదో, కోలాటం దేనిపై ఆధారపడి నడుస్తుందో ముందుగా నిర్ధారించుకోవాలి.

2. కొమ్ము పలికే స్వరాలు

13వ శతాబ్దానికి చెందిన శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరం కాహళను, శృంగాన్ని సుషిరవాద్యాల్లో చేర్చింది. కాహళ మూడు హస్తాల పొడవుతో, ఉమ్మెత్తపువ్వు వంటి ముఖంతో ఉంటుందనీ, ‘హా’, ‘హూ’ వర్ణాలు పలుకుతూ వీరుల బిరుదులను చాటుతుందనీ వర్ణించింది. అంటే ఈ వాద్యం పని రాగాలాపన కంటే ప్రకటన.

ఇందుకు కారణం నిర్మాణంలోనే ఉంది. రంధ్రాలు లేని గొట్టంలో పెదవుల బిగువు మార్చితే సహజ హార్మోనిక్ శ్రేణిలోని స్వరాలే వస్తాయి. కొత్తవారికి సులువుగా అందేవి షడ్జం, పంచమం, పై షడ్జం. యూరప్‌లో వేటకొమ్ము నుంచి పరిణమించిన ఫ్రెంచి హారన్‌కు కూడా 1818లో బెర్లిన్‌లో వాల్వులకు పేటెంటు లభించే వరకు మౌలికంగా ఇదే పరిమితి ఉండేది. గొట్టం చివరి వెడల్పు భాగంలో చేయి ఉంచి వాదకులు మరికొన్ని స్వరాలు సాధించేవారు.

3. ఒక్కరికి ఒక్క స్వరం

ఈ పరిమితిని రష్యాలో మరో విధంగా అధిగమించారు. 1750 దశకంలో చెక్ సంగీతకారుడు మరేష్ వేటకొమ్ములతో ఒక బృందాన్ని రూపొందించాడు. అందులో ఒక్కో కొమ్ముకు ఒక్క స్వరమే. తన వంతు వచ్చినప్పుడు ఊదితే చాలు, అందరి ఊదులూ కలిసి బాణీ అయ్యేవి. అయితే అటువంటి బృందాల్లోని వాదకులు ఎక్కువగా భూస్వాముల కింద బతికిన బానిస రైతులు. సంగీతం ఎంత విస్తరించినా వాదకుడు తన ఒక్క స్వరానికే కట్టుబడి ఉండేవాడు.

4. కోలాటంలో పాత్రల మార్పిడి

కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 1253–54లో రచించిన నృత్తరత్నావళి దేశి నృత్తాల్లో దండరాసకాన్ని పేర్కొంది. కోలలతో సాగే సామూహిక నృత్యానికి తెలుగు నేలపై ఉన్న ప్రాచీనతకు ఇది ఆధారం.

కోలాటంలో కూడా ఒక్కొక్కరి పని చిన్నదే: కోల తాకించడం, అడుగు వేయడం, మలుపు తిరగడం. అయితే ఇక్కడ స్థానం స్థిరం కాదు. కోపు మారగానే జత మారుతుంది, లోపలివారు వెలుపలికి వస్తారు. జడకోపులో తాళ్లను అల్లినవారే తిరిగి విప్పుతారు. అందరూ అన్ని స్థానాల గుండా సాగడమే ఇక్కడ శిక్షణ. పాట గురువు గొంతులో మొదలై బృందం గొంతులోకి చేరుతుంది.

5. ముగింపు

బాణీని మొదటి హారన్‌కు కట్టబెట్టే అమరికలో కోలాటపు రాగం మిగలవచ్చు గాని, కోపు మిగలదు. పై ఆధారాలను బట్టి కోలాటానికి తగిన సులభమైన అమరిక వేరుగా ఉండాలి. పాటను గొంతుకే విడిచి, ఒక కొమ్ము ఆవృత్తారంభాన్ని చాటాలి. రెండవది షడ్జంతో కోలదెబ్బను, మూడవది పంచమంతో దెబ్బల నడుమ ఎడాన్ని పలకాలి. నాలుగవది కోపు మార్పుకు సంకేతమివ్వాలి. ప్రతి కోపుకూ ఈ నాలుగు పాత్రలు చేతులు మారాలి. రష్యా బృందం కొద్ది స్వరాల నుంచి పెద్ద సంగీతం పుట్టించవచ్చునని నిరూపించింది. ఆ పని చేసేవారిని ఒకే చోట బిగించనక్కరలేదని కోలాటం చూపుతుంది. నేర్చుకునేవారి విషయంలో రెండవ పాఠానికే ప్రాధాన్యం దక్కాలి.