భద్రాచలం రోడ్, జూ పార్కు

పర్ణశాలకి రైలు లేదు. భద్రాచలానికీ లేదు. ‘భద్రాచలం రోడ్’ అని బోర్డున్న స్టేషన్ నిజానికి కొత్తగూడెంలో ఉంది. అక్కడ దిగితే రాముడి గుడికి ఇంకో నలభై కిలోమీటర్లు, మధ్యలో గోదావరి. 1965లో వంతెన వచ్చేదాకా పడవే గతి. స్టేషన్‌కి దేవుడి ఊరి పేరు పెట్టారు గానీ, రైలు వచ్చింది దేవుడి కోసం కాదు, బొగ్గు కోసం. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ చేరిన నిజాం రైలు, 1880లు ముగిసేలోగా ఆ బొగ్గు దాకా వచ్చేసింది.

తమాషా ఏంటంటే, అదే 1874లో ఇంగ్లండ్‌లో సర్ ఆర్థర్ హేవుడ్ అనే జమీందారు డఫీల్డ్‌లో తన ఇంటి ఆవరణలో పదిహేను అంగుళాల వెడల్పుతో పట్టాలు పరిచాడు. పిల్లల ఆట కోసం అనుకుంటాం. కాదు. పెద్ద ఎస్టేట్లలో సామాన్లు మోయడానికి ఇంత బుల్లి రైలు చాలని ఆయన వాదన. ఆ వాదన పెద్దగా ఎవరికీ ఎక్కలేదు. ఆ కొలత పట్టాల మీద మనుషుల్ని సరదాకి తిప్పితే డబ్బులొస్తాయని అమెరికాలో కాగ్నీ సోదరులు గ్రహించారు. సరుకు కోసం పుట్టిన బుల్లి రైలు అలా ఎగ్జిబిషన్లకీ పార్కులకీ చేరింది.

1960ల నుంచి అమెరికన్ జూలలో తిరుగుతున్న ‘సి.పి. హంటింగ్టన్’ రైలు 1863 నాటి ఆవిరి ఇంజన్‌కి నకలు. పొగగొట్టం ఉంటుంది, పొగ రాదు. లోపలుండేది ఆవిరి ఇంజన్ కాదు మరి. అయినా పిల్లలెవరూ ఫిర్యాదు చెయ్యరు. అసలు ఆవిరి బండిని చూసినవాళ్ళకే ఆ లోటు తెలిసేది.

మన దేశంలో పుణె పేష్వే పార్కులో ‘ఫుల్‌రాణి’ 1956లో మొదలైంది. హైదరాబాద్‌లో మీర్ ఆలం చెరువు పక్కన నెహ్రూ జూ పార్కు 1963లో తెరుచుకుంది. అక్కడి చిన్న రైలెక్కని హైదరాబాద్ బాల్యం అరుదు. నగరం పిల్లలకి అది రైలు బొమ్మ. అసలు రైలు వాళ్ళకి ముందే తెలుసు. అడవి అంచు ఊళ్ళ నుంచి ఎక్స్‌కర్షన్ బస్సులో వచ్చిన పిల్లలకి మాత్రం అది బొమ్మ కాకపోవచ్చు, ఎక్కిన మొదటి రైలే కావచ్చు. తమ అడవిలో ఉండాల్సిన పులిని కందకం అవతల చూసి, తమ ఊరికి రాని రైలెక్కి ఒక చుట్టు తిరుగుతారు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ వింతో నాకైతే తేలలేదు.

ఇటు పర్ణశాలకి గోదావరి అవతల, మణుగూరు దాకా పట్టాలున్నాయి. అక్కడా బొగ్గే కారణం. నిండిన వ్యాగన్లు వెళ్తాయి, ఖాళీవి తిరిగొస్తాయి. జూ రైలు ఎక్కినచోటే దింపుతుంది. భద్రాచలం రోడ్‌లో దిగినవాళ్ళు మాత్రం సంచులు భుజానికెత్తుకుని బస్సు వెతుక్కోవాలి.